కుందేళ్లకు ఇల్లు

లాలాగూడలో మూతపడుతున్న ఆ చిన్న బడికి అదే ఆఖరి రోజు. రెండో తరగతి పిల్లలు పెంచిన రెండు కుందేళ్లను దేవకృప టీచర్ అట్టపెట్టెలో పెడుతోంది. ఆయా అనసూయమ్మ గది ఊడుస్తోంది.

"వీటికి ఎవరన్న దొరికిన్రా, మేడం?"

"చిలకలగూడలో ఒకాయన తీసుకుంటానన్నాడు. ఎంత బరువుంటాయని అడిగాడు, అనసూయమ్మా. ఇవ్వనన్నాను."

"మంచిగ చేసిన్రు."

"తొమ్మిది ఇళ్లకు ఫోన్ చేశాను. చివరికి మల్కాజ్‌గిరిలో మా చెల్లెలు ఒప్పుకుంది."

అనసూయమ్మ చీపురు గోడకు ఆనించింది.

"పదహారేండ్లు ఈ బడి ఊడ్చిన. రేపటి నుంచి నాకు సుత పని లేదు. ఆ తొమ్మిది ఇండ్లల్ల నా గురించి ఒక్కరినన్న అడిగిన్రా, మేడం?"

దేవకృపకు ఆ ఆలోచనే తట్టలేదు. తలెత్తకుండా పెట్టె మూత వేసింది.