బుడగనత్త మీది గీతలు

1988 జూలై నాలుగో తేదీ ఉదయం, చేతిసంచిలో ఒక భూతద్దమూ రెండు సన్నని కుంచెలూ వేసుకుని మన సముద్రజీవుల ప్రదర్శనశాలలో చిత్రకారులుగా చేరిన మాన్యులు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వెనకాల మనమందరం 'భూతద్దంగారు' అని పిలుచుకుంటామని వారికి తెలుసు. తెలియనట్టు ఊరుకోవడం వారి పెద్దరికం.

తొలి ఏడాదిలోనే వారి బల్ల మీదికి ఒక కొత్తజాతి బుడగనత్త గుల్ల వచ్చింది. బియ్యపు గింజంత ఉంటుంది, అవతల పెట్టిన వేలు కనబడేంత పలచన. చుట్లన్నీ లోపలికి ముడుచుకుపోయి, పైకి ఉబ్బిన బుడగలా ఉంటుంది. నోరు ఈ చివరినుంచి ఆ చివరిదాకా తెరుచుకుని ఉంటుంది. గుల్ల చుట్టూ ఉండే సన్నని గీతలు ఒళ్ళంతా ఉన్నాయని ఆనాటి విభాగాధిపతి తమ వ్యాసంలో రాసి, బొమ్మ కూడా అలాగే గీయమన్నారు. మనవారి ఉద్యోగం ఖాయం చేసే కాగితం అప్పటికి ఆయన సంతకం కోసమే ఎదురుచూస్తోంది.

"అయ్యా, పైన పదకొండు, కింద పదిహేను ఉన్నాయి. నడుమంతా నున్నగానే ఉంది. కనబడని గీత నేను గీయలేనండి," అన్నారు మనవారు.

ఆ కాగితం ఏడాదిపాటు కదల్లేదు. గీతేగా, గీసేస్తే మన సొమ్మేం పోయిందని ఇంట్లో వారి శ్రీమతిగారు కూడా అడిగారట. చివరికి విభాగాధిపతే ఒకనాడు సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి చూసి, వ్యాసం తిరగరాసి, ఆ కాగితం మీద సంతకం చేసి పంపారు.

తరవాతి ముప్ఫై అయిదేళ్ళలో రెండువేల పైచిలుకు గుల్లలు వారి చేతిమీదుగా కాగితానికెక్కాయి. పరిశోధకులు గుల్లను చూడకపోయినా వారి బొమ్మను నమ్మేవారు.

గత నెల ఆ బుడగనత్త జాతిదే మరో గుల్ల వచ్చింది. పై సగం గీసి, కింది సగం ఖాళీగా వదిలి, రెండు రోజులు ఊరకే కూర్చున్నారు. కంట్లో శుక్లం ముదిరి, మరీ సన్నగా ఉండే కింది గీతలు ఆనడం లేదు. ఆ గుల్ల వారికి కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని గీసినా అడిగేవారు లేరు. అయినా లేచి పక్కబల్ల చిత్రకారిణి దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, కిందివి నాకు కనబడటం లేదు. కాస్త లెక్కపెట్టి చెప్పు."

ఆమె రెండుసార్లు లెక్కపెట్టి, పద్నాలుగన్నారు.

"చూశావా, నేనైతే పదిహేను గీసేసేవాణ్ణి," అని బరువు దిగిన మనిషిలా నవ్వారు. ఆ బొమ్మ కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

వచ్చే వారం వారి కంటికి శస్త్రచికిత్స. అది సవ్యంగా జరిగి, శ్రీమతిగారి తోడులో నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు చల్లగా ఉండాలనీ, కొత్త చూపుతో ఒకనాడు ఇటు వచ్చి, ఆ పద్నాలుగూ స్వయంగా లెక్కపెట్టి, తప్పయితే మాకు చెప్పాలనీ మనసారా కోరుకుంటున్నాము.