అన్న చెవి దగ్గర శెనక్కాయ

“అవ్వా, ఆస్పత్రిలో కాగితం రాసేటప్పుడు, మీ ఇంట్లో ఎవురికైనా మనసు జబ్బు ఉన్నిందా అని అడిగినారు. లేదని చెప్పినా. ఇంటికొచ్చినాక అమ్మ చెప్పింది, నీకొక అన్న ఉన్న్యాడంట. నా కడుపులో బిడ్డకు వస్తాదా?”

కూర్చో తల్లీ. ఆ దిండు నడుముకు పెట్టుకో. ఐదో నెల, అట్ల నేలమీద కూలబడొద్దు.

ఉన్న్యాడమ్మా. ఓబులేసు. నాకంటే నాలుగేండ్లు... కాదు, ఐదేండ్లు పెద్ద.

మా పుట్టినూరు తెలుసు గదా, ముదిగుబ్బకు ఇవతల. వానకు ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని ఇత్తనానికి శెనక్కాయలు ఒలుస్తాంటిమి. పప్పు మీద పొర చినిగితే అది మొలవదు. అన్న ఒలిస్తే ఒక్కటీ చినిగేది కాదు. కాయను చెవి దగ్గర పెట్టి ఆడిస్తాండె. లోపల నిండుగా ఉండాదా, లొట్టదా అని మేమూ అట్లే చూస్తాము గదా. అన్న మాత్రం ఆడించి, చానాసేపు అట్లే పెట్టుకొని ఉంటాండె. “చూడండే, నా కొడుకు ఎంత నిదానంగా ఏరుతాండాడో” అని మాయమ్మ మాకు బుద్ధి చెప్తాండె.

మాకు చిన్నత్త ఒగామె ఉన్నింది, పుల్లక్క. నోరు దురుసు గానీ మనిషి మంచిదేలే. నా కాన్పుకు రాగిసంకటి చేసి పెట్టింది ఆమే... యాడికో పోతాండా. ఆమె ఒకనాడు, “ఏమిరా, కాయ నీతో మాట్లాడుతాందా?” అనింది.

“కాయ కాదత్తా, లోపల మనుషులు. నన్ను తిడతాండారు” అన్న్యాడు.

అందరం నగినాము. నేనూ నగినా తల్లీ.

ఒక ఏడాది అట్లే పాయ. తర్వాత విషం కలిపినారని అన్నం ముట్టకపాయ. కదిరి నరసింహస్వామి గుళ్లో నిద్ర చేయించినాము. ఆడ పూలమ్మే ఆమె చూసి, “అమ్మా, మా తమ్మునికీ ఇట్లే ఉన్నింది. అనంతపురంలో డాక్టరు మందిస్తే కుదురుకున్న్యాడు” అని చెప్పింది. ఆ మాట స్వామే చెప్పించినాడు అనుకుంటా, ఇప్పుటికీ. బస్సు ఛార్జి అప్పుడు రూపాయో, రూపాయిన్నరో. నెలనెలా మాత్రలు తెచ్చుకుంటిమి. ఆ మాత్రలకు చేతులు కొంచెం వణుకుతాండె గానీ, మళ్లీ గొర్లు మేపినాడు, నా పిల్లోళ్లను ఎత్తుకున్న్యాడు. జ్వరమొచ్చి పోయినాడు, తల ఇంకా పూర్తిగా నెరవనే లేదు.

తప్పు ఆ తర్వాత చేసినాము. పెద్దల అమావాస్యకు పోయినోళ్ల పేర్లు పిలిచి గుడ్డలు పెడతాము గదా. “వాని పేరు పిలవొద్దే, ఆ ఇత్తనం మళ్లీ ఇంట్లో మొలుస్తాది” అనింది మాయమ్మ. కన్నతల్లి, భయం. ఇంట్లో పేర్లన్నీ నా నోట్లో ఉండాయంటారు మీరంతా. ఆ ఒక్క పేరు నేనే మింగినా. ఆస్పత్రిలో నువ్వు తప్పు చెప్పలేదమ్మీ, నేను చెప్పించినా.

వస్తాదా అంటే... మీ అమ్మ నా కడుపులో ఉన్నప్పుడు నేనూ అడిగినా, ఆ డాక్టరునే. ఆయప్ప ఏమన్న్యాడంటే, “ఇంట్లో ఎవురికీ లేకున్నా నూటికి ఒకరికి వస్తాదమ్మా. తల్లికో తండ్రికో ఉంటే పదిమందిలో ఒకరికి. అప్పుడు గూడా మిగతా తొమ్మిదిమందీ బాగానే ఉంటారు. సుట్టరికం దూరమయ్యే కొద్దీ తగ్గిపోతాది. రాదని రాసియ్యలేను, వస్తాదని నువ్వు నిద్ర మానుకోవద్దు” అన్న్యాడు. మా అన్న మీ అమ్మకు మేనమామ. నీ బిడ్డకు ఇంకెంత దూరమో నువ్వే చూసుకో. దాదాపు ఊర్లో బిడ్డలందరి మాదిరే.

ఏడవొద్దు. నీళ్లు తాగు.

అయినా చెప్తా విను. వయసొచ్చినాక ఎప్పుడైనా ఆ బిడ్డ ఒంటరిగా కూర్చొని, ఏదో వినిపిస్తాంది అంటే, నగొద్దు. ఏమి వినిపిస్తాంది నాయనా అని పక్కన కూర్చో. ఆస్పత్రికి పిల్చుకొని పో. నేను ఆ పొద్దు అట్ల అడిగింటే, మా అన్నకు ఆ ఒక్క ఏడాదన్నా మిగిలుండేది.

రేపు పోయి ఆ కాగితంలో రాయించు. అవ్వ అన్న, ఓబులేసు అని. పేరు గూడా చెప్పు. ఈ అమావాస్యకు మా అన్నకొక పంచ తెప్పిస్తా. నువ్వే పెట్టు, నువ్వే పిలువు. నీ వెనకాలే నేనూ పిలుస్తా.

చల్లగా ఉండు తల్లీ. నీ బిడ్డ ఏం చెప్పినా వినే తల్లివి కా.