ఖాళీ ఇంట్లో పొయ్యి

రొంపిచెర్ల అవతల ఒక ఊరు. పొద్దు గూకింది. నాగూర్‌బీ ఇంటి గోడ పక్కనే కాలేబు, సలోమిల ఇల్లు ఎన్నికలప్పటి నుంచి ఖాళీ. అయినా నాగూర్‌బీ రోజూ సాయంత్రం అందులోకి వెళ్లి పొయ్యి రాజేస్తూనే ఉంది, ఎవరేమనుకున్నా సరే. నరసరావుపేట వెళ్లొచ్చిన మొగుడు సుభానీ చెప్పులైనా విప్పకుండా ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంక చాలు, ఆర్పెయ్యవే."

"ఇప్పుడేగా అంటుకుంది. పత్తి కట్టె చెమ్మగా ఉంది. ఊదీ ఊదీ నా కళ్లు పోయినయ్యి."

"అందుకే ఆర్పమంటన్నా. రేపటి నుంచి రావొద్దు."

"కట్టె నువ్వేమన్నా నెత్తిన మోసుకొస్తన్నావా? మన చేలో పీకిందేగా."

"కట్టె గురించి కాదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట. మనుషులే లేని ఇంటికి పొయ్యి ఏందే?"

"మనుషులు లేరనేగా పొయ్యి. మంచు ఎట్టా పడతందో చూడు. చలికాలమంతా పొగ తగలకపోతే బోదగడ్డి కప్పు నానిపోయిద్ది, పురుగు పట్టుద్ది. ఎండలొచ్చేలోపు కూలుద్ది. సలోమి వదినొచ్చి కూలిన కొంపలో దిగాల్నా?"

"పొయ్యి రాజెయ్యమని నీకు చెప్పి పోయిందా?"

"ఎట్టా చెప్పుద్ది? అవతల పార్టీవోళ్లు రాళ్లేస్తంటే పిల్లల్ని చంకనేసుకుని చేలకడ్డంపడి పోయింది. కాలేబన్న బూత్‌లో ఏజెంటుగా కూర్చోవడమే పాపమైపోయె. ఫోన్ చేస్తే మోగదాయె. అయినా చెప్పాల్నా? నేను కాన్పై పడుంటే నా పొయ్యి ఆమె చూడలా?"

"చూసింది. చూసిందిలే."

"ఆమె లేక ఈ గోడ పక్క నాకు ఊపిరాడట్లా. వస్తారనే బతుకుతన్నా... ఏందయ్యా, మొహం అట్టా పెట్టావు?"

"ఏం లేదు. పద, టీ పెడుదువు."

"పాలు లేవు. పేటలో ఏం జరిగింది?"

"ట్రాక్టర్ సామాను దొరకలా."

"సామాను దొరక్కపోతే ఇట్టా ఉండవు నువ్వు."

"కాలేబు కనపడ్డాడు."

"యా అల్లా. ఎక్కడ? బాగున్నారా? వదిన చిక్కిందా? ఎప్పుడొస్తారంట?"

"రిజిస్ట్రాఫీసు కాడ. రారు."

"రారంటే?"

"ఈ ఇల్లూ స్థలం రాసిచ్చేశాడు. వాళ్లకే."

"రాళ్లేసినోళ్లకా? పీక మీద కత్తి పెట్టినా ఇయ్యనన్న మనిషి గదా. బెదిరించారా?"

"ఎవరూ బెదిరించలా."

"మరెందుకిచ్చాడు?"

"మొన్న శుక్రవారం వచ్చాడంట. సలోమీ, పిల్లలూ, సామానూ, అంతా ఆటోలో. చావైనా బతుకైనా మనింట్లోనే అని ఆమే బయల్దేరదీసిందంట."

"ఇక్కడికా? నేను చూళ్లేదే. సాయంత్రమైతే ఇక్కడే ఉంటిని గదా."

"ఈ వేళకే. కాలవ కట్ట దాకా వచ్చారంట."

"అక్కడి దాకా వచ్చి రాలేదేం?"

"ముందు ఆ పొయ్యి ఆర్పు."

"చెప్పయ్యా."

"కట్ట మీద నుంచి చూస్తే ఇంటి కప్పులోంచి పొగొస్తందంట. వాళ్లు అప్పుడే ఎవర్నో కాపురం పెట్టించేశారు, ఇంక ఇది మనది కాదు అని ఆటో వెనక్కి తిప్పించాడంట. కట్ట దిగిందాకా సలోమి వెనక్కి చూస్తానే ఉందంట."

"ఆ పొగ నాది. నాదని చెప్పకపోయావా?"

"అప్పటికే సంతకం పెట్టి బయటికొచ్చాడు."

"అయినా చెప్పాలిగా."

"అడిగాడే. మా ఇంట్లో ఎవరు దిగారన్నా అని నా చెయ్యి పట్టుకుని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"తెలవదు కాలేబూ, ఎవరో కొత్తోళ్లు అని చెప్పా."