పటాలం తాత బొటనవేలు

“ఏమమ్మా సిస్టరూ, దీన్నే ఎమర్జెన్సీ అంటారా?” తుండుగుడ్డ చుట్టిన బొటనవేలు జెండాలా ఎత్తి చూపించాడు పటాలం తాత. డబ్బా మూత తగిలి తెగింది. కుట్లు పడాలి. పొద్దుట్నుంచీ వార్డు బయట బెంచీ మీదే ఉన్నాడు. పక్కన కాలు బెణికిన ఆటోడ్రైవరు, వాంతుల పిల్లతో ఒక తల్లి. చివర, నిచ్చెన మీంచి పడి “నాకేం కాలేదు, ముందు వాళ్లని చూడండి” అన్న పెయింటరు.

“పిలుస్తాం, కూర్చోండి” అని నర్సు లోపలికెళ్లింది.

“పిలుస్తారట! యుద్ధంలో మందుల సంచీ మోసినవాణ్ణి నేను. ఒక జవాను కాలు తెగి నెత్తురు చిమ్ముతోంది. నా బెల్టు ఊడదీసి బిగించా. టక్కున ఆగిపోయింది.”

“మరి మీ ప్యాంటు?” అన్నాడు ఆటోడ్రైవరు.

“దేశం ముఖ్యంరా, ప్యాంటు కాదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుట్లేద్దామంటే చీకటి. బాంబు పేలినప్పుడల్లా ఆ వెలుగులో మూడు కుట్లు. మధ్యలో అవతలివాళ్లు బాంబులాపేస్తే ఒళ్లు మండి, ‘ఒరేయ్, ఇంకోటి వెయ్యండ్రా, ముడి వెయ్యాలి!’ అని కేకేశా. వేశారు, మర్యాదస్తులు!”

“శత్రువులే?”

“వాళ్ల దెబ్బలూ నేనేగా కుట్టింది! అవతలి సైన్యమంతా నా ముందు క్యూ కట్టింది. ఆ తొందరలో చిన్న పొరపాటు... ఇద్దరు జవాన్ల కాళ్లు తారుమారయ్యాయి. ఇప్పటికీ ఇంటికి బయల్దేరితే చాలు, ఆ కాళ్లు వీణ్ణి వాడింటికీ, వాణ్ణి వీడింటికీ లాక్కుపోతాయి. వాళ్ల పెళ్లాలు నన్ను తిట్టని రోజు లేదు!”

పిల్ల వాంతి మరిచిపోయి కిలకిలా నవ్వింది.

“అంతమందిలో ముందు ఎవర్ని చూసేవాడివి తాతా?” అంది తల్లి.

తాత గొంతు తగ్గింది. “అరిచేవాడి జోలికి పోకూడదమ్మా. అరుస్తున్నాడంటే ఊపిరాడుతోంది. నోరు మెదపకుండా చెమటలు కక్కేవాడున్నాడే, వాడి దగ్గరికి ముందు పరిగెత్తాలి. ఇది మాత్రం కోత కాదు.”

తలుపు దగ్గరికొచ్చిన నర్సు ఆ మాట విని బెంచీ చివరికి చూసింది. పెయింటరు ముఖం సున్నంలా ఉంది. చొక్కా తడిసి ముద్దయింది. మరుక్షణం స్ట్రెచరు పరిగెత్తింది.

కాసేపటికి ఆమె తిరిగొచ్చింది. “పొట్టలో నెత్తురు కారుతోంది. ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. సమయానికి పట్టుకున్నాం.”

“మరి నా వేలు? అందరికంటే ముందొచ్చా!”

“మీరు చెప్పిన పద్ధతే కదా తాతగారూ. ఆ లెక్కన ఈ ఆస్పత్రిలో మీ అంత ఆరోగ్యవంతులు ఇంకెవరూ లేరు.”

ఆమె వెళ్లిపోయింది. తాత ఒకసారి పెయింటరు కూర్చున్న చోటు వంక చూశాడు. మూతి బిగించి, కళ్లు మూసి, గోడకి జారగిలబడిపోయాడు.

“సిస్టర్! పెద్దాయన ఉలకడం లేదు, పలకడం లేదు!” అని అరిచాడు ఆటోడ్రైవరు.

“ఆ తర్వాత ఏమైందో అడిగి చూడు,” లోపల్నుంచి జవాబొచ్చింది.

ఆటోడ్రైవరు తాత చెవి దగ్గర వంగాడు. “తాతా, ఆ తర్వాత ఏమైంది?”

“ఏమవుతుందిరా, అవతలి సేనాపతి స్వయంగా నా గుడారానికొచ్చి...”