మంచి తప్పు

పిల్లలు వెళ్ళిపోయాక ఖాళీ అయిన ట్యూషన్ గది. టీచరమ్మ చాపలు చుడుతోంది. మెట్లమీంచే మాట కలిపే కింది వాటా కుట్టుపని పిన్నిగారు, ఇవాళెందుకో గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"రండి పిన్నిగారూ, మీకోసం మంచి తప్పు ఏరి పెట్టాను."

"తప్పొద్దమ్మా. ఇవాళ ఒప్పు చెప్పు."

"ఒప్పా? మీరేనా అడిగేది? మొదటిరోజు ఏమన్నారు నాతో? 'చదువుకున్నవాళ్ళు కూడా బోల్తాపడే ఇంగ్లీషు మాటలుంటాయే, వాటిని తప్పుగా ఎలా పలుకుతారో నేర్పు' అన్నారు. నాకు నవ్వాగలేదు."

"నవ్వావు. నవ్వినా నేర్పావులే. ఇవాళ్టికి ఒప్పు చెప్పు."

"ముందు తప్పు వినండి. ఎపిటోమ్. స్పెల్లింగు చూసి చాలామంది అలాగే అంటారు. నిలువెత్తు ఉదాహరణ అని అర్థం. ఓపికకి మీరున్నారు చూడండి, అలా. మీ మాస్టారి చెవిన పడిందంటే మంచం దిగొచ్చి మరీ దిద్దుతారు."

"దిద్దేవారు. నా నోట ఇంగ్లీషు ముక్క వచ్చిందంటే చాలు, కలుపుకున్న అన్నం అలాగే వదిలేసి, 'అలా కాదే, నా నోరు చూడు' అనేవారు. అందరి మొగుళ్ళూ ముద్దుమాటలు చెబితే మా ఆయన ఉచ్చారణ చెప్పారు. మాకున్న ముచ్చట అదొక్కటే. అప్పుడు ఒళ్ళు మండేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడేముంది, పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంట్లో కుట్టుమిషను చప్పుడొక్కటే. నేను కాలు ఆపితే అదీ ఉండదు. అందుకని పని లేకపోయినా తొక్కుతూ కూచుంటున్నాను."

"అందుకేగా ఈ తప్పులన్నీ! మొన్న మీరు 'యాట్'ని 'యాచ్ట్' అంటే మాస్టారు మొహం చిట్లించారన్నారు."

"చిట్లించారు. పెదవి కూడా కదిలింది. ఇవాళో రేపో నన్ను తిడతారనుకున్నాను. తిడితే చాలనుకున్నాను."

"మరి నిన్నటి మాట? డెబ్రిస్. ఇల్లు కూలాక మిగిలే రాళ్ళూ రప్పలూ. అన్నారా?"

"అన్నాను."

"తప్పుగానేనా? కొంపదీసి 'డెబ్రీ' అని ఒప్పు అనేశారా?"

"తప్పుగానే. నువ్వు నేర్పింది నేర్పినట్టు. మిషను ఆపి, ఎదురుగా కూచుని, గట్టిగా అన్నాను."

"అయితే?"

"ఇందాకటి మాటకి ఒప్పు ఏమిటన్నావు?"

"ఎపిటమీ. మాట తప్పించకండి. ఏమైంది?"

"ఎ-పి-ట-మీ. ఇలాగేనా? సరిగ్గా చూసి చెప్పు."

"అలాగే, అలాగే. పిన్నిగారూ... ఏడుస్తున్నారా?"

"మాట్లాడారమ్మా."

"మాస్టారా? మాట్లాడారా! అంత చల్లటి కబురు కడుపులో పెట్టుకుని అలా నుంచున్నారేం? డెబ్రీ అని దిద్దారా?"

"భయమేస్తోందమ్మా. ఒంటరిదాన్ననిపిస్తోంది. ఇకమీదట మా ఇంట్లో ఒప్పు తెలిసినవాళ్ళు ఒక్కళ్ళైనా ఉండొద్దూ?"

"అదేం మాట? ఇంతకీ ఏమన్నారాయన?"

"నేను 'డెబ్రిస్' అంటే, నా గడ్డం పట్టుకుని, 'శభాష్, సరిగ్గా పలికావు' అన్నారు."