వేరా మామ్మ చెప్పిన గొర్రెపిల్ల మాట

రండర్రా, ఇలా దగ్గరగా కూసోండి. ఫేను కిందకి జరగవే బంగారూ. ఏటడిగావ్? నాను దణ్ణమెట్టేటప్పుడు అనే 'ఆగ్నెత్స్' అంటే ఏటి తాతా అనా? గొర్రెపిల్లమ్మా. రష్యావోళ్ళ మాట. మేత మేసే పిల్లకి వోళ్ళకి వేరే మాటుంది, ఇది దేవుడి కోసమే. మనం మాత్రం? పాలు పితికేటప్పుడు ఆవంటాం, దణ్ణం పెట్టేటప్పుడు గోమాతంటాం. అలాగన్నమాట.

స్టీలు ప్లాంటు కడతన్న రోజులు. రష్యా ఇంజినీర్ల క్వార్టర్లలో నాను వంటోడిని. అప్పటికి మీ నాన్న పుట్నేదు... కాదు కాదు, పుట్టాడు, పాకతన్నాడు. ఓ ఇంజినీరు తల్లి వేరా మామ్మ. మహా భక్తురాలు. వోళ్ళ ఈస్టరు పండక్కి పెద్దింజినీర్లని భోజనానికి పిలిసి, గొర్రెపిల్ల కూర సెయ్యమన్నారు. మా సూపర్‌వైజరు ముందే అన్నాడు, "ఒరే, తేడా వచ్చిందో, రేపట్నించి గేటు బయటే నువ్వు."

గోపాలపట్నంలో మచ్చలేని గొర్రెపిల్లని కొని తెచ్చాను. మన అమ్మోరి పండగల్లో సేసినట్టే వీపు మీద పసుపునీళ్ళు పోసాను. ఒళ్ళు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి. అది విదల్దే! మళ్ళీ పోసాను. అరవదు, కదల్దు, నన్నే సూత్తంది. నా సెయ్యి ఆడలేదురా.

పన్నెండయిపోయింది. సూపర్‌వైజరు వచ్చి "కూరేదిరా?" అని నా కాలరట్టుకున్నాడు. ఇంట్లో పసిపిల్లడు, ఉజ్జోగం పోతే ఏటి తినాలి? అరుపులకి మామ్మ బయటికొచ్చింది. పసుపు కారతన్న పిల్లని సూసి, అక్కడే మోకాళ్ళ మీద కూకుండిపోయి, "ఆగ్నెత్స్" అంది. కొడుక్కి తెలుగు ముక్కలొచ్చు, ఆయన సెప్పాడు: మనందరి తప్పులూ తన మీదేసుకుని, నోరెత్తకుండా సావుకెదురెల్లిన క్రీస్తుని అలా పిలుస్తారంట.

మామ్మ లేచింది. నన్ను ఎనక్కి నెట్టి, తనే సూపర్‌వైజరు ముందుకొచ్చి ఏదో అంది. కొడుకు తెల్లబోయి నాకేసి సూసి, తెలుగులో సెప్పాడు: "కొయ్యొద్దంది అమ్మేనంట." అమ్మ బాబోయ్, అంత భక్తురాలు నా కోసం అబద్దవాడింది! భోజనానికొచ్చినోళ్ళ ముందూ అదే మాట. పెద్దింజినీరు మొహం ముడుసుకున్నాడు, కొడుకు తలొంచుకున్నాడు. ఆవిడ మాత్రం నవ్వుతా రొట్టి, ఉడికించిన గుడ్లు వడ్డించింది. నా పేరెత్తలేదు.

గొర్రెపిల్లా? మామ్మే పెంచుకుంది. క్వార్టర్లో మందార మొక్కలన్నీ మేసేసింది, దొంగముండ.

నాను నా దేవుళ్ళకే మొక్కుతాను, ఆవిడ దేవుడికీ ఓ దణ్ణం ఎడతాను. ఒక్కటి గుర్తెట్టుకోండర్రా. మీ ఎదర ఎవడైనా తప్పు సేసి వణికిపోతంటే, వాణ్ణి ఎనక్కి నెట్టి, "నానే" అని ముందుకెల్లండి. బతుకులో ఒక్కసారైనా సెయ్యండి. సల్లగా ఉండండమ్మా.