ఐదో అంతస్తులో మిషన్ చప్పుడు

“ఉండు తమ్ముడూ, ముందు కూర్చోనివ్వు. ఐదంతస్తులు ఎక్కొచ్చాను. మీ లిఫ్టు ఎప్పటికి బాగవుతుంది?”

“అది చెడిపోయేనాటికి మా చిన్నది పుట్టలేదక్కా. ఇప్పుడు బడికెళ్తోంది.”

బొగ్గు గనుల ఊరు కరగండాలో, గని మూతపడ్డాక నిరుద్యోగ భృతి మీద బతుకుతున్న జుమాబెక్ ఇంటికి ఉపాధి కార్యాలయం నుంచి కుల్యాష్ తనిఖీకి వచ్చింది.

“నేనెందుకొచ్చానో తెలుసుగా?”

“తెలీదు.”

“తెలుసులే. పనేమన్నా దొరికిందా?”

“లేదక్కా. బొగ్గు తవ్వినవాణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారు?”

“సొంతంగా ఏమన్నా మొదలుపెట్టావా?”

“సొంతంగానా? నేనా?”

“నువ్వే. పొద్దస్తమానం మిషన్ చప్పుడని కిందివాళ్ళు ఫోన్ చేశారు. భృతి తీసుకుంటూ వ్యాపారం చెయ్యకూడదని మొదట్లోనే చెప్పాం.”

“వ్యాపారం ఏం లేదు. టీ తాగుతారా? పాలు పోసి ఇస్తాను.”

“ఇవ్వు. ఈ కొర్పెలు ఎవరివి?”

“ఏ కొర్పెలు?”

“గోడ పొడుగునా పైకప్పు దాకా పేర్చిన బొంతలు తమ్ముడూ. నా కళ్ళింకా పోలేదు.”

“మావే. చుట్టాలొస్తుంటారు.”

“ఇంతమందా?”

“మావైపు చుట్టాలెక్కువ.”

“నీ ప్యాంటు నిండా దారప్పోగులు. వేలికి ఆ ఇనప తొడుగేంటి?”

“వేలు తెగింది.”

“చూడు. పొద్దున్నుంచి మెట్లెక్కి దిగుతున్నాను. ప్రతి ఇంట్లో ఇదే. ఒకడు గ్యారేజీలో కార్లు బాగుచేస్తూ, స్నేహితుడి కారంటాడు. ఇంకొకావిడ గంగాళం నిండా పిండి కలిపి, పుట్టినరోజంటుంది. ఎవరి నోటి దగ్గర కూడు లాగాలనీ నాకు లేదు. మీ ఆవిడ భృతి తీసుకోవట్లేదుగా?”

“లేదు. ఆస్పత్రిలో గదులు తుడుస్తుంది.”

“ఇంకేం. ఖాళీ ఉన్నప్పుడు ఆవిడ కుడుతుంది. అంతేనా?”

“అంతే.”

“నీ నోటితో చెప్పు.”

“మా ఆవిడ… మా ఆవిడ కుడుతుంది.”

“అయిపోయింది. అలాగే రాసుకుంటున్నా. టీ తాగి పోతాను.”

“రొట్టె తీసుకోండి. వెన్న ఉంది.”

“ఏదీ, ఆ పైది ఒకటి ఇలా లాగు. ఎర్రది.”

“అది ఇంకా పూర్తవలేదు.”

“అబ్బ. పొట్టేలు కొమ్ముల డిజైను. ముక్కకీ ముక్కకీ మధ్య అతుకే కనపడదు. మా అమ్మ ఇలా కుట్టేది. చూపు పోయాక మానేసింది. చాలా రోజులు పట్టుంటుంది కదా?”

“కొమ్ము వంపు తిరిగేచోట గుడ్డ నిలవదు. విప్పాలి, మళ్ళీ కుట్టాలి, మళ్ళీ విప్పాలి…”

“నీకెలా తెలుసు?”

“చూస్తుంటా కదా.”

“ఆస్పత్రిలో నడుం విరిగేలా తుడిచొచ్చి, మళ్ళీ దీని ముందు కూర్చుంటుందా? బంగారం తమ్ముడూ ఆవిడ. నువ్వేమో పొద్దంతా ఇంట్లో ఊరికే…”

“ఊరికే ఏం లేను.”

“మరి?”

“ఏం లేదు. తాగండి, చల్లారిపోతుంది.”

“తప్పుగా అనుకోకు. గని మూసేస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావు. కానీ ఇలాంటి చెయ్యి ఊరికే రాదు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందా?”

“మా అమ్మ నేర్పింది.”

“అత్తగారు నేర్పిందా? అదృష్టవంతురాలు.”

“మా అమ్మకి కూతుళ్ళు లేరక్కా.”

“అందుకే కోడలికి నేర్పుంటుంది. సరే, వెళ్తాను. ఆవిడ వచ్చాక చెప్పు, కుల్యాష్ అక్క నీ చేతికి దండం పెట్టిందని. మా అమ్మకీ ఒకటి కుట్టమను. చూడలేకపోయినా తడుముకుంటుంది.”

“అక్కా, ఒక్క నిమిషం కూర్చోండి.”

“ఇంకా ఇళ్ళున్నాయయ్యా.”

“మా ఆవిడ సూదిలో దారం కూడా ఎక్కించలేదు.”

“నేను వినలేదు. తమ్ముడూ, విన్నానంటే భృతి ఆగిపోతుంది. పిల్లలున్నారు నీకు.”

“తెలుసు.”

“ఆడవాళ్ళ పని చేస్తున్నావని మీ గనివాళ్ళు నవ్వుతారు కూడా.”

“నవ్వనివ్వండి. ఇందాక రాసింది కొట్టెయ్యండక్కా. ఆ కొమ్ములు కుట్టింది నేను.”